బందరులో కోసిన పేజీలు

బెజవాడ వెళుతున్నానంటే మా అనంతపురంలో అందరూ ఒకటే ప్రశ్న వేశారు, "అమ్మవారి దర్శనానికా సార్?" అని. కాదు, పుస్తకం కోసమన్నాను. ఒక్క పుస్తకం కోసం రైలెక్కి అంత దూరం వెళ్ళే మనిషిని చూసి నవ్వాలో జాలిపడాలో తెలియక ఊరుకున్నారు. మా ఆవిడ మాత్రం చపాతీలు కట్టిచ్చి, "ఈసారైనా దొరుకుతుందిలే" అంది. ఆ మాట ఆమె ఇరవై రెండేళ్ళుగా అంటూనే ఉంది.

నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పాత తెలుగు చరిత్ర గ్రంథాల తొలి ముద్రణలు పోగుచేయడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. తొలి ముద్రణలో ఏముందంత గొప్ప అని అడిగేవారికి ఒకటే జవాబు చెబుతాను: రాసిన మనిషి బతికుండగా, కొత్త సిరా వాసనతో మొదటిసారి చేతిలోకి తీసుకుని చూసుకున్న రూపం అది.

ఈసారి వెతుకులాట కృష్ణాతీరపు కోటల మీద ఒక బడిపంతులు రాసిన రెండు సంపుటాల చరిత్ర కోసం. స్వాతంత్ర్యం వచ్చిన తొలి పదేళ్ళలో అచ్చయింది. రెండో సంపుటం నా దగ్గరుంది. మొదటి సంపుటం తొలి ముద్రణే ఎక్కడా దొరకదు. దానికో కథ ఉంది. అందులో ఒక పేజీలో కోటను కాపాడినవారి పేర్లు, కోటను శత్రువులకు అప్పగించినవారి పేర్లు ఒకదాని బదులు ఒకటి పడిపోయాయట. పుస్తకం అచ్చుకు డబ్బిచ్చిన పెద్దమనిషి వంశ పూర్వీకులు ద్రోహుల జాబితాలో తేలారు. ఆయన కోపంతో ప్రతులన్నీ తెప్పించి తగలబెట్టించారు. ఆ మంటలకు చిక్కకుండా మిగిలిన ప్రతి ఒక్కటైనా ఉండకపోతుందా అన్నదే నా ఆశ.

గవర్నర్‌పేట

రైలు దిగి లాడ్జిలో సంచి పడేసి, ముందు టిఫిను సంగతి చూశాను. అల్లప్పచ్చడితో పెసరట్టు ఉప్మా డెబ్బై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి ఇద్దరం తింటామని సర్వరుతో అన్నాను. "మీ ఊళ్ళో ఈ పెసరట్టు దొరుకుతుందాండీ?" అన్నాడతను. దొరకదని ఒప్పుకోక తప్పలేదు.

గవర్నర్‌పేటలో శేషగిరి గారిది పాతపుస్తకాల కొట్టు. హోల్‌సేల్ దుకాణాల మధ్య, మెట్లకింద గదిలో, మోకాళ్ళ దాకా పుస్తకాలు. నాకు ఫోను చేసి రప్పించింది ఆయనే.

"కూచిపూడి దగ్గర పల్లెటూరండీ ఆవిడది. పేరు సుశీలమ్మ గారు. డాన్సు పిల్లలకి బట్టలు కుడతారు. జరీ కోసం బజారుకొచ్చి, పాత పుస్తకాలు మీరు తీసుకుంటారా అని నన్నడిగారు. కోటల చరిత్ర అనగానే మీరు గుర్తొచ్చారు."

"ఎంతకి ఇస్తానన్నారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అదే నాకూ అర్థం కాలేదండీ. రేటు మాటే ఎత్తలేదు. అమ్మడానికొచ్చిన మనిషిలా లేరు. ఎవరో ఒకరు పట్టుకుపోతే చాలన్నట్టు మాట్లాడారు."

నా రెండో సంపుటం చూపించాను. జత కలపాలంటే కాగితం, అట్ట సరిపోయాయో లేదో పక్కపక్కన పెట్టి చూడాలి కదా, అందుకని తెచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూసి, చివరి పేజీల దగ్గర ఆగి ఈల వేశారు. "కోయని ఫారమండీ! దీన్ని ఇలాగే ఉంచండి."

తెలియనివారికి చెబుతాను. పెద్ద కాగితం మీద చాలా పేజీలు ఒకేసారి అచ్చువేసి, మడతలు పెట్టి కుడతారు. దాన్ని ఫారం అంటారు. మడతల అంచు కోస్తేనే పేజీలు విడివడతాయి. నా పుస్తకంలో చివరి ఫారం కోయకుండా మిగిలిపోయింది. పేజీలు పైఅంచున అతుక్కుని సంచుల్లా ఉంటాయి, లోపల ఏముందో చదవలేం. మాలాంటివాళ్ళకి అది మచ్చలేని ప్రతి అన్నమాట. ఇరవై రెండేళ్ళుగా నేను దాన్ని కోయలేదు. కోయనందుకు గర్వపడ్డాను కూడా.

కాలువ గట్టు

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఉయ్యూరు దాటాక కిటికీలోంచి తల తిప్పుకోలేదు. మా వైపు ఎక్కడైనా ఇన్ని నీళ్ళు కనిపిస్తే బండి ఆపి దిగి చూస్తాం. ఇక్కడ రోడ్డు వెంటే కాలువ నడుస్తుంటే, దానివైపు ఎవరూ కన్నెత్తి కూడా చూడడం లేదు. నా పక్కనున్న రైతు ఫోనులో మినుముల ధర మాట్లాడుతున్నాడు. "ఎప్పుడూ ఇలాగే నీళ్ళుంటాయా?" అని అడిగాను. "ఎక్కడండీ, చివరి ఊళ్ళకి అందట్లేదని రోజూ గొడవే" అన్నాడు. నీళ్ళున్న ఊళ్ళలోనూ నీళ్ళ గొడవ ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

కాలువ చూస్తూ కూర్చుని పామర్రులో బస్సు మారేటప్పుడు గొడుగు మరిచిపోయాను. కూచిపూడికి ముందే ఒక స్టాపులో తొందరపడి దిగాను. ఎండలో గట్టు మీద నడుస్తుంటే పాల క్యాన్ల బండి మీద వెళుతున్నాయన ఆపాడు. ఎక్కడికని అడిగి, సుశీలమ్మ గారి పేరు చెప్పగానే, "ఓహో, తారుమారు కోటయ్య గారి ఇల్లా, ఎక్కండి" అన్నాడు.

"తారుమారు ఏమిటండీ?"

"ఏమోనండీ. మా నాన్నగారి కాలం నుంచీ అలాగే అంటారు."

సుశీలమ్మ గారి వసారా

డెబ్బై అయిదు దాటిన మనిషి, చలాకీగా ఉన్నారు. వసారాలో కుట్టుమిషను. చుట్టూ ఎరుపు, ఆకుపచ్చ పట్టుగుడ్డలు. నాట్యం చేసేటప్పుడు విసనకర్రలా విచ్చుకునే కుచ్చెళ్ళు కుడుతున్నారు. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, లోపలి నుంచి పాత పంచెలో చుట్టిన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, మళ్ళీ మిషను దగ్గర కూర్చున్నారు.

అదే. మొదటి సంపుటం, తొలి ముద్రణ. తడిమరక కూడా లేదు. గబగబా పేజీలు తిప్పి ఆ జాబితాల పేజీ పట్టుకున్నాను. పేర్లు నిజంగానే ఒకదాని బదులు ఒకటి ఉన్నాయి.

"ఇదేనమ్మా! ఈ తప్పే! ఈ తప్పు ఉండబట్టే దీనికింత విలువ!" అని గట్టిగా అన్నాను. చిన్నపిల్లాడిలా నవ్వాను కూడా.

మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఆ తప్పు మా నాన్నదండీ" అన్నారు సుశీలమ్మ గారు.

నా నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఆవిడ కుడుతున్న గుడ్డ మడిచి పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పారు. కోటయ్య గారు బెజవాడ ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరసలు కూర్చేవారు. ఆ గొడవ జరిగిన రోజు ప్రెస్సు యజమాని పనివాళ్ళందర్నీ పిలిచి, ప్రూఫు దిద్దిన తర్వాత శీర్షికలు నువ్వే తారుమారు చేశావని అందరి ముందూ నిలబెట్టి పనిలోంచి తీసేశాడు. ఆ కబురు ఆయనకంటే ముందే ఊరు చేరింది. తర్వాత ఎవరూ పని ఇవ్వలేదు. ఊళ్ళో సైకిళ్ళకి పంక్చర్లు వేసుకుంటూ బతికారు.

"ఆ తర్వాత నాన్న అక్షరం ముట్టుకోలేదండీ. ఎవరైనా శుభలేఖ తెచ్చి చదవమన్నా, కళ్ళజోడు లేదనేవాడు. జేబులోనే ఉండేది. బళ్ళో మా తమ్ముడు ప్రసాదుని పేరు పెట్టి పిలవడం మానేశారు. తారుమారూ, తారుమారూ అనేవాళ్ళు. వాడు పదో క్లాసు కాగానే ఉయ్యూరు వెళ్ళిపోయాడు. నాన్న పోయినప్పుడొచ్చాడు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు."

"మరి ఈ పుస్తకం?"

"పని పోయిన రోజు చొక్కాలో దాచుకుని తెచ్చాడంట. పారేయలేదు, విప్పలేదు. ఆయన పోయాక నేనూ పారేయలేకపోయాను. మీరు పట్టుకుపోండి మేష్టారూ."

నేను తెచ్చుకున్న డబ్బు తీశాను. ఆవిడ చేయి అడ్డుపెట్టారు. "దీని మీద డబ్బు తీసుకుంటే నాకు అన్నం సయించదండీ. ముందు మీరు భోంచేయండి."

ముద్దపప్పు, దోసావకాయ, గడ్డపెరుగు. మా ఇంట్లో పప్పంటే టమాటానో ఆకుకూరో పడాల్సిందే. ఉత్త పప్పులో ఇంత రుచి ఉంటుందని అప్పుడే తెలిసింది. కడుపు నిండినా మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. అయినా పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. ఉన్నమాట చెప్పాలి, బస్సులో రెండుసార్లు జిప్పు తీసి చూసుకున్నాను.

బందరు

మచిలీపట్నాన్ని ఇక్కడివాళ్ళు బందరనే అంటారు. అక్కడ జలీల్ గారని పేరున్న బైండరు ఉన్నారని శేషగిరి గారు చెప్పి ఉన్నారు. రెండు సంపుటాలూ బాగుచేయించి, జతగా పెట్టెలో పెట్టించాలని నా కోరిక. ఆ రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే బందరు లడ్డూ తిన్నాను. నేతిలో ముంచి తీసినట్టుంది, ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. అద్దకం గుడ్డలు ఆరేసిన వీధి దాటి, జలీల్ గారి గది వెతుక్కుంటూ వెళ్ళాను.

అరవై ఏళ్ళుంటాయేమో. తెల్లగడ్డం, మెత్తని మాట, వేళ్ళకి ఎండిన మైదా జిగురు. ఖురాన్లూ, భారత భాగవతాలూ, ఆఫీసు రిజిస్టర్లూ అన్నీ ఒకే బల్ల మీద ఆయన చేతికింద ఉన్నాయి. నా పుస్తకాలు రెండూ తీసుకుని, డాక్టరు నాడి చూసినట్టు వీపు మీద వేలితో నొక్కి చూశారు.

"మొదటిది బాగుంది సార్. రెండోదానికి చివరి ఫారం కుట్టు వదిలేసింది. మళ్ళీ కుట్టాలంటే మడత తెరవాలి." అంచు వేలితో తడిమి ఆశ్చర్యపోయారు. "ఇదెవరూ చదవలేదా సార్?"

కోయకపోతేనే దానికి విలువ అని వివరించాను. ఆయన శ్రద్ధగా విని, నొచ్చుకోకుండా అడిగారు. "పాపం రాసినాయన చివర్లో ఏం చెప్పుకున్నాడో మరి. మీకు చూడాలనిపించలేదా?"

ఒక చరిత్ర మేష్టారిని అడగాల్సిన ప్రశ్నే అది. కోయమన్నాను.

వెదురుబద్దతో చిన్న చప్పుడు కూడా లేకుండా మడతలు తెరిచారు. అరవై ఏళ్ళు గాలి తగలని పేజీలు తెల్లగా మెరిశాయి. మొదట అకారాది సూచిక. తర్వాత తప్పొప్పుల పట్టిక. దానికింద, పంతులుగారి చివరిమాట. అందులో మూడు నాలుగు వరుసలు చదివి ఆగిపోయాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను.

మొదటి సంపుటంలో పేర్లు తారుమారు కావడానికి కారణం తన రాతప్రతేనని ఆయన ఒప్పుకున్నారు. శీర్షికలు అటుదిటూ ఇటుదటూ రాసింది తానేననీ, ప్రూఫులోనూ ఆ తప్పు గమనించలేకపోయాననీ రాశారు. అక్షరాలు కూర్చిన మనిషి తాను రాసింది రాసినట్టే కూర్చాడనీ, అతని మీద పడ్డ నింద అన్యాయమనీ, తనను క్షమించమనీ వేడుకున్నారు.

"ఏమైంది సార్? చెడ్డవార్తా?" అన్నారు జలీల్ గారు.

మొత్తం చెప్పాను. చెబుతుండగానే నాలో ఇంకో ఆలోచన కూడా నడుస్తోంది. దాచను. ఆ పేజీ జిరాక్సు తీయించి పోస్టులో పంపితే సరిపోతుంది కదా, జత నా దగ్గరే ఉంటుంది కదా అనుకున్నాను. నిన్న ఆవిడ పెట్టిన అన్నం గుర్తొచ్చి ఆ ఆలోచనకే సిగ్గుపడ్డాను.

"మీ రైలెప్పుడు?" అని అడిగారాయన.

"రేపు సాయంత్రం."

"అయితే ఈ రోజే వెళ్ళండి. ఇప్పటికే చాలా లేటైంది." సూదికి దారం ఎక్కించి, "గంట కూర్చోండి, ఈ పేజీలు ఊడిపోకుండా కుట్టేస్తాను. మిగతాదేం వద్దు" అన్నారు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఆవిడకి నా సలాం చెప్పండి" అన్నారు.

మళ్ళీ ఆ వసారాకి

నాలుగు గంటలకి నన్ను గుమ్మంలో చూసి సుశీలమ్మ గారి మొహం మారిపోయింది. "పుస్తకం పనికిరాలేదాండీ?"

"మీ నాన్నగారు తప్పు చేయలేదమ్మా" అన్నాను. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలా అని ఎన్నో మాటలు అనుకున్నాను. చివరికి నోట్లోంచి వచ్చింది ఇదే.

చదివి వినిపించాను. ఆవిడ పుస్తకం తన చేతిలోకి తీసుకుని, అక్షరం అక్షరం వేలితో తడుముకుంటూ మళ్ళీ చదువుకున్నారు. చదవడం ముగించి అడిగారు.

"ఇది ఎప్పుడచ్చయిందండీ?"

"ఆ గొడవైన మూడేళ్ళకి. మద్రాసులో."

"అప్పటికి నాన్న ఇక్కడే ఉన్నాడు. ఆ మూల సైకిలు కొట్టులో." వేలితో రోడ్డు వైపు చూపించారు. "రాసి ఊరుకున్నాడా ఆయన? బస్సెక్కి వచ్చి ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?"

ఆ మాట నాకూ తగిలింది. "ఇరవై రెండేళ్ళుగా ఇది నా బీరువాలోనే ఉందమ్మా" అన్నాను.

"మీకు తెలీదు కదండీ."

"తెలుసుకోలేదు."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, నన్ను ఓదార్చాల్సిన పని తన మీదే పడ్డట్టు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. "నాన్నకి తెలుసండీ, తన తప్పు లేదని. అందుకే దీన్ని పారేయలేదు. ఎప్పటికైనా ఎవరైనా అడుగుతారని ఉంచుకున్నాడు. మేమే అడగలేదు."

అప్పుడు ఫోను తీసి తమ్ముడికి చేశారు. స్పీకరు పెట్టి, "ప్రసాదూ, ఇక్కడొక మేష్టారున్నారు. ఆయన చదువుతారు, విను" అని ఫోను నా ముందు పెట్టారు. నేను చదివాను.

"మళ్ళీ చదవండి సార్."

మళ్ళీ చదివాను.

"అందులో మా నాన్న పేరుందా సార్?"

"లేదండీ. అక్షరాలు కూర్చిన మనిషి అనే ఉంది."

"అయితే ఆయనే" అన్నాడు. తర్వాత నాతో కాకుండా, "అక్కా, రేపు మొదటి బస్సుకొస్తా" అన్నాడు.

నేను కూచిపూడిలోనే ఆగిపోయాను. తెల్లవారి మళ్ళీ వెళ్ళేసరికి ప్రసాదు గారు వచ్చేశారు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా. గేటు దగ్గర నిలబడి ఇంటిని చూస్తున్నారు, లోపలికి అడుగు పడడం లేదు. సుశీలమ్మ గారు వెళ్ళి చేయి పట్టుకుని తీసుకొచ్చారు. పుస్తకాలు రెండూ బల్ల మీద పెట్టి, ఇవి ఇక్కడే ఉండాలన్నాను. ఆవిడ వద్దన్నారు, మీరు ఇన్నాళ్ళు వెతుక్కున్నారన్నారు. నేను వినలేదు. వాటిని వదిలి రావడం కష్టం కాలేదని మాత్రం చెప్పను.

ప్రసాదు గారు పంపు దగ్గర చేతులు కడుక్కుని, తువ్వాలుతో శుభ్రంగా తుడుచుకుని వచ్చి కూర్చున్నారు. చివరిమాట పేజీ తీస్తారనుకున్నాను. ఆయన మొదటి సంపుటం తీసుకున్నారు.

"మా నాన్న చేతిపని నేనెప్పుడూ చూడలేదు సార్" అన్నారు. మొదటి పేజీ తెరిచి, బళ్ళో పాఠం ఒప్పజెప్పినట్టు పైకి చదవడం మొదలుపెట్టారు. సుశీలమ్మ గారు పక్కనే కూర్చుని వింటున్నారు. పేజీ చివరికి వచ్చాక ఆయన తలెత్తి అక్కని చూశారు.

"ఒక్క అక్షరం కూడా తప్పు పడలేదక్కా" అని పేజీ తిప్పారు.